వలందులు ఇచ్చింది కాదు, అర్జీ పెట్టి తెచ్చుకున్నది

ఫ్లషింగ్‌లో గణపతి గుడి ఉన్న వీధి పేరు బౌన్ స్ట్రీట్. న్యూయార్క్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళలో ఆ గుడి గడప తొక్కనివాళ్ళు తక్కువ. 1977 జులై 4న కుంభాభిషేకం జరిగింది. దర్శనం చేసుకుంటాం, కింద క్యాంటీన్‌లో దోసె తింటాం, కారెక్కి ఇంటికి పోతాం. నేనూ ఏళ్ళ తరబడి అంతే చేశాను. అదే వీధిలో ఉత్తరానికి పదిహేను నిమిషాలు నడిస్తే ఒక పాత చెక్క ఇల్లు ఉందని, వీధికి ఆ ఇంటి యజమాని జాన్ బౌన్ పేరే పెట్టారని చాలాకాలం నాకు తెలియదు. ఆ ఇల్లు కట్టింది సుమారు 1661లో. అప్పటికి న్యూయార్క్ అనే పేరే పుట్టలేదు. ఇదంతా న్యూ నెదర్లాండ్, వలందుల వలస.

డచ్చివాళ్ళను వలందులు అనడం నాకు పుస్తకాల వల్ల అలవాటు కాలేదు. మాది బందరు. మా ఊళ్ళో వలందపాలెం ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది. వలందుల సమాధులున్న తోటలో రాళ్ళ మీద చెక్కిన పడవలను, వంశచిహ్నాలను వేలితో తడుముతూ చిన్నప్పుడు ఎన్నో మధ్యాహ్నాలు గడిపాను. ఎక్కడో పుట్టి మా ఊళ్ళో మట్టిలో కలిసిన మనుషులు వాళ్ళు. నేను మా ఊళ్ళో పుట్టి, వాళ్ళే వేసిన మరో ఊరి పొలిమేరలో బతుకుతున్నాను.

కిందటి వినాయక చవితికి క్యాంటీన్‌లో ఒక మిత్రుడు, చరిత్ర బాగా చదివిన మనిషి, అన్నాడు: "ఇక్కడ మన గుడి నిలబడిందంటే ఆ వలందుల పెద్దమనసే కారణమండీ. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి సహనాన్ని మూటగట్టుకుని తెచ్చి ఈ నేలలో నాటారు. దాని పంటే మనం తింటున్నాం." చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. నిజానికి ఇది ఆయన ఒక్కడి మాట కాదు. ఈ ఊరి గురించి రాసేవాళ్ళు చాలామంది చెప్పే కథే. నేను ఆ పూట జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. ఆ వలసలో ఎవరికి ఏ హక్కు దక్కినా, అది పునాది వేసినవాళ్ళు పోసిన భిక్ష కాదు. రావద్దన్నవాళ్ళు, పొమ్మన్నవాళ్ళు, గొలుసుల్లో వచ్చినవాళ్ళు కాగితం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి తెచ్చుకున్నారు. ఆ ఊరి చరిత్ర నాకు మొదటినుంచి చివరిదాకా అర్జీల చరిత్రగానే కనిపిస్తుంది.

అర్జీలంటే నాకు ఇంత పట్టింపు ఎందుకో చెప్పాలి. మా తాతగారు బందరులో కచేరీ బయట చెట్టుకింద బల్ల వేసుకుని, చదువురానివాళ్ళకు అర్జీలు రాసిపెట్టేవారు. సరిహద్దు తగాదా, రావలసిన పింఛను, పట్టాలో తప్పుపడిన పేరు, ఏదైనా సరే. "మన బాధ రాస్తే సగమే అయినట్టు. ఒప్పుకుంటే అవతలివాడికి ఏం ఒరుగుతుందో, కాదంటే ఏం పోతుందో కూడా అందులో కనిపించాలి" అనేవారు. వలందుల కాలంలో న్యూయార్కు ఊరి పేరైన న్యూ ఆమ్‌స్టర్‌డామ్ కాగితాల అనువాదాలు చదువుతున్నప్పుడు ఆ మాట నా చెవిలో మోగుతూనే ఉంది.

ఇక ఊరి పుట్టుక. 1609లో హెన్రీ హడ్సన్ అనే ఇంగ్లీషు నావికుడు వలందుల ఈస్టిండియా కుంపిణీ ఓడలో, ఆసియాకు దగ్గరి దారి వెతుకుతూ వచ్చి, ఇప్పుడు ఆయన పేరుతో పిలిచే నదిలోకి దూరాడు. ఆ కుంపిణీ అంతకు మూడేళ్ళ ముందే గోల్కొండ సుల్తాను అనుమతితో మా బందరులో గిడ్డంగి తెరిచింది. అంటే ఆయన వెతుకుతున్నది, ఒక రకంగా చూస్తే, మా వైపు దారే. ఇంగ్లీషువాళ్ళు 1611లో బందరు చేరారు. అక్కడ అద్దకపు బట్టల కోసం పోటీపడిన ఆ రెండు జాతులే ఇక్కడ బీవర్ తోళ్ళ కోసం పోటీపడ్డాయి. నీళ్ళలో బతికే బీవర్ బొచ్చుతో ఐరోపాలో టోపీలు చేసేవారు. ఆ టోపీల మోజే ఈ ఊరికి తల్లి.

1621లో అట్లాంటిక్ వ్యాపారానికి వేరే కుంపిణీ పెట్టారు, వెస్టిండియా కుంపిణీ అని. 1624లో అది సుమారు 30 కుటుంబాలను పంపింది. వాళ్ళలో ఎక్కువమంది వలందులు కూడా కారు. ఫ్రెంచి మాట్లాడే వాలూన్లు, మతం కోసం ఊళ్ళు వదిలి హాలండు చేరినవాళ్ళు. మాన్‌హాటన్ దీవిని కొన్న సంగతి మనకు తెలిసేది 1626 నవంబరు 5న హాలండులో పీటర్ స్ఖాగెన్ అనే అధికారి రాసిన ఒక చిన్న ఉత్తరం వల్ల. ఓడ వచ్చింది, అక్కడ మనవాళ్ళు కులాసాగా ఉన్నారు, ఆడవాళ్ళు కొందరు పిల్లల్ని కన్నారు, 60 గిల్డర్ల (గిల్డరు వలందుల నాణెం) విలువకు దీవిని కొన్నారు అని రాసి, వెంటనే సరుకుల జాబితాలోకి దిగిపోయాడు. అందులో మొదటి పద్దు 7,246 బీవర్ తోళ్ళు. అమ్మిన లెనాపె అనే స్థానిక జనం పేర్లు ఆ ఉత్తరంలో లేవు. నేలను అమ్మడమంటే వాళ్ళు ఏమనుకున్నారో అడిగినవాళ్ళూ లేరు. వేటాడుకోవడానికి, ఉండడానికి కొత్తవాళ్ళను కూడా రానిచ్చాం అన్నంతవరకే వాళ్ళ లెక్క అయి ఉంటుందని చాలామంది చరిత్రకారులు అంటారు. అదే నాకూ నమ్మదగ్గదిగా తోస్తుంది. ఆ ఉత్తరం చదివితే సహనం, స్వేచ్ఛ అన్న మాటలు మచ్చుకైనా తగలవు. అది ఒక అంగడి పద్దు. ఆ సంగతిని తప్పుపట్టడం లేదు, అంగడిని అంగడి అనమంటున్నాను.

అక్కడి రోజువారీ బతుకు గురించి చదవడం మాత్రం నాకు ఎంతో ఇష్టం. ఊరి సొంత కాగితాలే దాన్ని కళ్ళకు కట్టిస్తాయి. దీవి దక్షిణపు కొనలో మట్టి కోట, పక్కన గాలిమర, నడి ఊళ్ళోకి తవ్విన కాలువ, వీధివైపు ముక్కోణపు గోడ చూపిస్తూ నిలబడ్డ ఇళ్ళు. 1660 నాటికి మూడు వందలకు పైగా ఇళ్ళు, పదిహేను వందల లోపు జనం. ఊళ్ళో పందులు విచ్చలవిడిగా తిరిగి కోటగోడల మట్టిని కుళ్ళగించేవి. వాటిని కట్టెయ్యమని ఆజ్ఞ మీద ఆజ్ఞ. చెక్కతో పొగగొట్టాలు కట్టొద్దని 1648లో ఆజ్ఞ, ఇంటింటికీ వెళ్ళి చూడడానికి అగ్ని కాపలాదార్లు. చెత్త, బూడిద, ఆల్చిప్పలు, చచ్చిన జంతువులు వీధిలో, కాలువలో వెయ్యొద్దని 1657లో ఆజ్ఞ. ఊళ్ళో నాలుగో వంతు ఇళ్ళు సారా దుకాణాలైపోయాయని గవర్నరు వాపోయాడు. సారాయి కాచేవాళ్ళుండే వీధికి 1658లో రాళ్ళు పరిచారు. ఇప్పటికీ దాని పేరు స్టోన్ స్ట్రీటే.

వాళ్ళ డబ్బు చూడండి. నాణేలు దొరకవు. బీవర్ తోలు ఒకటి 8 గిల్డర్లని లెక్క. చిల్లరకు గవ్వపూసలు. లాంగ్ ఐలండు తీరంలోని స్థానిక జనం సముద్రపు గవ్వలను అరగదీసి, సన్నటి బెజ్జం వేసి, దారానికి గుచ్చిన తెల్లని, ఊదా రంగు పూసలు. బాగా గుచ్చినవైతే ఒక స్టైవర్‌కు, అంటే గిల్డరులో ఇరవయ్యో వంతుకు, తెల్లవి ఆరు, నల్లవి మూడు అని 1650లో ధర కట్టారు. ఆ పూసలు వాళ్ళకు మాట ఇచ్చిపుచ్చుకోవడానికి, దుఃఖంలో ఉన్నవారిని ఓదార్చడానికి, ఒప్పందాలను గుర్తుపెట్టుకోవడానికి వాడే పవిత్రమైన వస్తువు. వలందులు దాన్ని రొట్టె కొనే చిల్లర చేశారు. రొట్టె విషయానికొస్తే, స్థానికులు తెల్ల రొట్టెకు, తీపి రొట్టెకు మంచి పూసలు ఇస్తున్నారని రొట్టెలవాళ్ళు మెత్తటి పిండి అంతా అటే వాడేసి, ఊరివాళ్ళకు ముతక రొట్టె మిగులుస్తున్నారని గొడవ. దాని మీద 1649లో మరో ఆజ్ఞ.

ఆ ఊరి మాటలు కొన్ని మన నోళ్ళలోనూ ఉన్నాయి. ఆఫీసులో మనం 'బాస్' అంటామే, అది యజమాని అనే అర్థంలో వలందులు వాడిన మాట. ఈ నేల మీదే ఇంగ్లీషులో కలిసి, అక్కడినుంచి తెలుగుదాకా వచ్చింది. పిల్లలు అడిగే కుకీ కూడా అంతే. 1643లో వచ్చిన ఇసాక్ జోగ్ అనే ఫ్రెంచి పాద్రీకి, ఇక్కడ నాలుగైదు వందల మంది పద్దెనిమిది భాషలు మాట్లాడతారని గవర్నరు చెప్పాడట. ఈ ఒక్క వాక్యం చూపించి సహనానికి రుజువు అంటారు. పద్దెనిమిది భాషలవాళ్ళు ఒకచోట చేరడానికి సహనం అక్కర్లేదు. కుంపిణీకి ఒళ్ళు వంచే మనుషులు కావాలి, హాలండులో బతుకు బాగున్నవాళ్ళు ఇంత దూరం రామన్నారు, అందుకని దొరికినవాళ్ళందరినీ పోగుచేశారు. బందరు రేవులోనూ ఎన్ని భాషలవాళ్ళు లేరు?

ఒళ్ళు వంచినవాళ్ళలో మొట్టమొదటివాళ్ళను కొనుక్కురాలేదు, పట్టుకొచ్చారు. సుమారు 1626లో పదకొండు మంది ఆఫ్రికన్లను కుంపిణీ బానిసలుగా తెచ్చింది. పాలో అంగోలా, సిమోన్ కాంగో, పీటర్ శాంతోమె, జాన్ ఫ్రాన్సిస్కో, పెద్ద మాన్యుయెల్, చిన్న మాన్యుయెల్, చిన్న ఆంథొనీ... పేర్లలోనే వాళ్ళు ఎక్కడెక్కడినుంచి ఊడి వచ్చారో తెలుస్తుంది. కోట కట్టింది, అడవి కొట్టింది, దూలాలు కోసింది, ఆల్చిప్పలు కాల్చి సున్నం చేసింది వాళ్ళే. తరవాత 1653లో ఊరికి అడ్డంగా కంచెగోడ లేపినప్పుడూ బానిసల చేతులు పడ్డాయి. ఆ గోడ పేరే వాల్ స్ట్రీట్.

1641 జనవరిలో కుంపిణీ బానిసల మధ్య గొడవలో ఒకడు చనిపోయాడు. తొమ్మిది మందిని పట్టుకుంటే, తొమ్మిది మందీ "మేమందరం కలిసే చేశాం" అన్నారు. అందరినీ ఉరి తీస్తే కుంపిణీకి పని ఎవరు చేస్తారు? చీట్లు వేశారు. మాన్యుయెల్ అనే భారీ మనిషి పేరు వచ్చింది. ఉరికంబం ఎక్కించి రెండు తాళ్ళు బిగించి నిచ్చెన తోసేస్తే రెండూ తెగిపోయాయి. చూడవచ్చిన జనం క్షమించమని కేకలు పెట్టారు. అందరికీ క్షమాపణ దొరికింది. తొమ్మిది మంది ఒక్క మాట మీద నిలబడడం నన్ను తాళ్ళు తెగడంకన్నా ఎక్కువ కదిలిస్తుంది. అది వాళ్ళ మొదటి అర్జీ అని నేననుకుంటాను, కాగితం లేని అర్జీ.

కాగితం మీదిది మూడేళ్ళకు వచ్చింది. 1644 ఫిబ్రవరి 25న పదకొండు మంది పేర్లతో గవర్నరు విల్లెమ్ కీఫ్ట్ ఒక తీర్మానం రాశాడు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళుగా కుంపిణీకి చాకిరీ చేశారు, పిల్లలు పెరిగారు, ఇలాగే ఉంటే వాళ్ళను పోషించుకోలేరు, కాబట్టి వాళ్ళనూ భార్యలనూ విడుదల చేస్తున్నాం అన్నాడు. షరతులున్నాయి. ఏటా ముప్పై కొలతల ధాన్యమో చిక్కుళ్ళో, 20 గిల్డర్లు చేసే బలిసిన పంది ఒకటి కట్టాలి. కట్టలేకపోతే మళ్ళీ బానిసలే. కుంపిణీ పిలిస్తే కూలికి రావాలి. ఇక ఆఖరి షరతు: వాళ్ళకు పుట్టిన పిల్లలు, పుట్టబోయే పిల్లలు కుంపిణీ బానిసలే. సగం స్వేచ్ఛ అని దీనికి పేరు. ఊరికి ఉత్తరాన, ఇప్పటి వాషింగ్టన్ స్క్వేర్ చుట్టుపక్కల వాళ్ళకు భూములిచ్చారు. ఆ భూములు ఊరికీ, అప్పుడు యుద్ధంలో ఉన్న స్థానిక జనానికీ మధ్యలో పడ్డాయి. దాడి వస్తే ముందు ఎవరి గుమ్మానికి వస్తుందో చెప్పనక్కర్లేదు.

ఆ యుద్ధం సంగతి. ఆ తీర్మానానికి సరిగ్గా ఏడాది ముందు, 1643 ఫిబ్రవరి 25 రాత్రి, శత్రువులకు భయపడి వలందుల నీడకు చేరిన స్థానిక కుటుంబాల మీదికి కీఫ్ట్ సిపాయిలను పంపాడు. పవోనియాలో ఎనభై మందిని, మాన్‌హాటన్ తూర్పు ఒడ్డున నలభై మందిని నిద్రలో చంపారు. పసిపిల్లల్నీ వదల్లేదు. వద్దని వాదించి ఓడిపోయిన డేవిడ్ డి వ్రీస్ అనే ఆయన ఆ రాత్రి గవర్నరు ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుని, నది అవతలినుంచి కేకలు విన్నానని రాసుకున్నాడు. పవోనియా అంటే ఇప్పటి జెర్సీ సిటీ. మన తెలుగు కుర్రవాళ్ళు ఎందరో ఆ ఒడ్డునే అద్దెకుండి రోజూ రైల్లో నది దాటి పనికి వెళ్తారు. మా మేనల్లుడూ అక్కడే ఉంటాడు. కీఫ్ట్ మీద వలసవాళ్ళే హాలండుకు ఫిర్యాదులు పంపారు, చివరికి అతణ్ణి పిలిపించేశారు. చచ్చిపోయినవాళ్ళ వాళ్ళు ఎవరికి అర్జీ పెట్టాలి? ఏ కచేరీకి వెళ్ళాలి? వాళ్ళ భాషలో రాసిన కాగితం చదివే బల్ల ఆ ఊళ్ళో ఒక్కటి కూడా లేదు. నా వాదన ఇక్కడికొచ్చి ఆగిపోతుందని ఒప్పుకుంటాను. అర్జీ వల్ల దక్కింది అర్జీ పెట్టే చోటు ఉన్నవాళ్ళకే.

1647లో కొత్త గవర్నరు పీటర్ స్టైవెసాంట్ వచ్చాడు. యుద్ధంలో ఒక కాలు పోయింది, కర్రకాలుతో నడిచేవాడు. పాలన తెలిసినవాడు, నిజాయితీపరుడు, తన చర్చి తప్ప మరో చర్చిని సహించనివాడు. 1654 సెప్టెంబరులో బ్రెజిల్‌లోని రెసిఫెనుంచి 23 మంది యూదులు ఓడ దిగారు. ఆ ఊరిని పోర్చుగీసువాళ్ళు వలందుల చేతినుంచి మళ్ళీ లాక్కోవడంతో పారిపోయి వచ్చారు. ఓడ కిరాయికి వాళ్ళ సామాను వేలం వేశారు. స్టైవెసాంట్ వాళ్ళను వెళ్ళగొట్టడానికి కుంపిణీ అనుమతి అడిగాడు. ఈలోగా ఆమ్‌స్టర్‌డామ్‌లోని యూదు వర్తకులు కుంపిణీకి అర్జీ పెట్టారు. ఆ అర్జీని మా తాతగారే రాశారా అనిపిస్తుంది. దేశం పెద్దది, నమ్మకమైన జనం ఎంత పెరిగితే పన్నులు అంత పెరుగుతాయి, పైగా మీ కుంపిణీలో మావాళ్ళ వాటాలు చాలా ఉన్నాయి అని చెప్పారు. 1655 ఏప్రిల్‌లో డైరెక్టర్లు స్టైవెసాంటుకు జవాబు రాశారు. నీ కోరిక తీర్చాలనే ఉంది, కానీ బ్రెజిల్‌లో వాళ్ళు పడ్డ నష్టం, మన దగ్గర పెట్టిన పెట్టుబడి చూస్తే న్యాయం కాదు, ఉండనివ్వు, వాళ్ళలో పేదలను వాళ్ళే పోషించుకోవాలి అన్నారు. పెద్దమనసు అంటున్నది ఈ ఉత్తరాన్నే.

ఉండనిచ్చారు, అంతే. 1655 నవంబరులో అసర్ లెవీ, మరో యూదు కుర్రవాడు, అందరిలాగే ఊరి కాపలా కాస్తామన్నారు. యూదులను కాపలాకు రానివ్వకుండా నెలకు 65 స్టైవర్ల పన్ను వేశారు. మేం చేతులతో బతికేవాళ్ళం, పన్ను కట్టలేం, కాపలా కాస్తాం అన్నారు. ఇష్టం లేకపోతే మరో ఊరు వెళ్ళండి అని జవాబు. లెవీ వెళ్ళలేదు. రెండేళ్ళు తిరక్కుండానే 1657లో పౌరుడి హక్కు కోసం దరఖాస్తు పెడుతూ, అందరిలాగే నేనూ కాపలా కాస్తున్నాను కదా అన్నాడు. ఊరి పెద్దలు కాదన్నారు. యూదు పెద్దలు పైకి అర్జీ తీసుకెళ్ళారు. ఇవ్వక తప్పలేదు. 1660లో కసాయి పని లైసెన్సు ఇచ్చేటప్పుడు, పందులు కొయ్యకుండా మినహాయింపు కూడా తీసుకున్నాడు. వచ్చినప్పుడు సామాను వేలం వేయించుకున్న జనంలోని మనిషి ఆయన.

ఇక బౌన్ వీధి కథ. క్వేకర్లు పాద్రీలు లేని క్రైస్తవులు, ఎవరికీ టోపీ తీయరు, ప్రమాణం చెయ్యరు. అధికారులకు వాళ్ళంటే మంట. 1657లో రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే క్వేకరు ప్రచారకుణ్ణి చక్రాల తోపుడుబండికి గొలుసులతో కట్టి, పని చెయ్యనంటే కొట్టారు. స్టైవెసాంట్ సొంత చెల్లెలు బతిమాలితే గానీ విడిచిపెట్టలేదు. క్వేకరుకు ఒక రాత్రి చోటిచ్చినా జరిమానా అని చాటించారు. అప్పుడు ఫ్లషింగ్ ఊరివాళ్ళు, వలందుల ఏలుబడిలో ఉన్న ఇంగ్లీషువాళ్ళు, 1657 డిసెంబరు 27న ఒక కాగితం రాశారు. రాసినవాడు ఊరి గుమస్తా ఎడ్వర్డ్ హార్ట్. సంతకాలు చేసిన ముప్పై మందిలో క్వేకర్లు లేరు. చదువురానివాళ్ళు గుర్తులు పెట్టారు. ఎవరో వేరేవాళ్ళ కోసం, తమకు ఏమీ రాని పనికి, జైలుకు సిద్ధపడి వేసిన గుర్తులవి. ప్రేమ, శాంతి, స్వేచ్ఛ అనే చట్టం హాలండులో యూదులకు, తురకలకు, ఈజిప్టువాళ్ళకు కూడా వర్తిస్తుంది, అదే ఆ దేశానికి వన్నె, మా గుమ్మానికి వచ్చినవాళ్ళ మీద మేం చెయ్యెత్తలేం అన్నారు. మా ఊరికిచ్చిన పట్టాలోనే మనస్సాక్షికి స్వేచ్ఛ ఉందని గుర్తుచేశారు. ఆ కాగితం అందించిన అధికారినీ, రాసిన హార్ట్‌నూ ఖైదు చేశారు. ఊరివాళ్ళలో చాలామంది తలవంచి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. 1911లో ఆల్బనీలో మంటల్లో అంచులు కాలినా ఆ కాగితం ఇంకా ఉంది.

అర్జీ ఓడిపోయింది. అయినా ఐదేళ్ళకు జాన్ బౌన్ తన ఇంట్లో క్వేకర్ల సమావేశాలు జరగనిచ్చాడు. ఆయనకన్నా ముందు క్వేకరు అయింది ఆయన భార్య హానా. 1662లో పట్టుకుని జరిమానా వేస్తే కట్టనన్నాడు. నెలల తరబడి జైల్లో పెట్టి, 1663 జనవరిలో ఓడెక్కించి దేశం వెళ్ళగొట్టారు. ఆయన ఆమ్‌స్టర్‌డామ్ చేరి కుంపిణీ డైరెక్టర్ల ముందు నిలబడి తన మాట చెప్పుకున్నాడు. ఏప్రిల్‌లో వాళ్ళు స్టైవెసాంటుకు రాశారు. ఇలాంటివాళ్ళు రాకపోతేనే బాగుండేదని మాకూ ఉంది, కానీ కఠినంగా ఉంటే జనం రావడం ఆగిపోతుంది, దేశం ఇంకా లేతగా ఉంది, ఎవరి మనస్సాక్షిని వాళ్ళకు వదిలెయ్యి అని. ఇక్కడా అదే లెక్క. అదే సమయంలో బోస్టన్‌లో క్వేకర్లను ఉరి తీశారు, 1660లో మేరీ డయర్‌ను తీశారు. దానికన్నా ఇది ఎంత మేలు అని మా మిత్రుడు అంటాడని తెలుసు. అవును, మేలే. హాలండు చట్టంలో మనస్సాక్షికి చోటు ఉండడం, అర్జీ వస్తే చదివి జవాబు రాసే అలవాటు ఉండడం చిన్న సంగతులు కావు. ఆ రెండూ లేకపోతే బౌన్ వెళ్ళి తట్టడానికి తలుపే లేదు. ఆ తలుపు కట్టినందుకు వలందులకు దండం పెడతాను. తట్టినవాడి పేరు చెప్పకుండా తలుపును మాత్రమే పొగిడితే ఒప్పుకోను.

ఆ పాలన ముగిసింది కూడా అర్జీతోనే. 1664లో నాలుగు ఇంగ్లీషు ఓడలు వచ్చి రేవు మూశాయి. మంచి షరతులిస్తామన్న లేఖను స్టైవెసాంట్ చించేశాడు. జనం ముక్కలు అతికించి చదివారు. పోరాడొద్దు, ఊరు బూడిదవుతుంది అని 93 మంది పెద్దలు సంతకాలు చేసి ఇచ్చారు. అందులో ఆయన కొడుకు సంతకం ఉంది. సెప్టెంబరు 8న ఊరు చేతులు మారింది. ఇంగ్లీషువాళ్ళు వలందుల మతం జోలికి, వారసత్వ ఆచారాల జోలికి పోమని రాసిచ్చారు. అయినా కాలక్రమంలో పోయినవి పోయాయి. వలందుల చట్టంలో భార్య తన పేరుతో వ్యాపారం చేసుకునేది, ఆస్తిలో ఉమ్మడి హక్కు ఉండేది. మార్గరెట్ హార్డెన్‌బ్రూక్ లాంటివాళ్ళు సొంత ఓడలు నడిపారు. ఇంగ్లీషు చట్టంలో ఆ చోటు కుంచించుకుపోయింది. బానిసల మెడ చుట్టూ ఉరి ఇంకా బిగిసింది. 1712 తరవాత విడుదలైన నల్లవారు ఇల్లూ భూమీ ఉంచుకోకూడదని చట్టం వచ్చింది. వాళ్ళను ఊరి గోడకు బయట పాతిపెట్టిన నేల 1991లో ఒక సర్కారు భవనం పునాదుల్లో బయటపడింది. నాలుగు వందలకు పైగా అస్థిపంజరాలు. నేను ఆ స్మారకం దగ్గరకు మొదటిసారి వెళ్ళినప్పుడు బందరు సమాధుల తోట గుర్తొచ్చింది. అక్కడి రాళ్ళ మీద పేర్లు, బిరుదులు, పడవలు. ఇక్కడ మొన్నటిదాకా ఒక్క అక్షరం లేదు.

సగం స్వేచ్ఛ పొందిన పదకొండు మందిలో చిన్న ఆంథొనీ ఉన్నాడు కదా. అతనికి 1643 ఆగస్టులో కొడుకు పుట్టాడు, వాడి పేరూ ఆంథొనీయే. బాప్తిస్మానికి డొరోతె అంగోలా అనే ఆవిడ గాడ్‌మదర్‌గా నిలబడింది. కొద్ది రోజులకే పసివాడి తల్లి పోయింది, తరవాత తండ్రీ పోయాడు. డొరోతె వాణ్ణి ఇంటికి తీసుకుపోయింది. 1661లో, వాడికి పద్దెనిమిదేళ్ళ వయసులో, ఆవిడ భర్త ఇమాన్యుయెల్ పీటర్స్ గవర్నరుకు అర్జీ పెట్టాడు. ఈ పిల్లవాడు స్వేచ్ఛ ఉన్న తల్లిదండ్రులకు పుట్టాడు, నా భార్య తల్లిలా పెంచింది, తన రెక్కల కష్టంతో సాకింది, ఇంతకాలంలో ఎవరి దగ్గరా ఒక్క పైసా సాయం అడగలేదు, వాడు స్వతంత్రుడని రాసివ్వండి, మా తరవాత మా ఆస్తి వాడికి చెందనివ్వండి అని. పిల్లలు కుంపిణీ సొత్తని అంతకు పదిహేడేళ్ళ ముందు రాసుకున్న కచేరీలోనే ఆ కాగితం ఇచ్చారు. అర్జీ అడుగున, అడిగినది ఇచ్చినట్టు రాశారు. ఆంథొనీ ఆ రోజునుంచి ఎవరి సొత్తూ కాడు.